మూలం తెరిచి చూడండి

మా ఆవిడ ఎవరి మాటా ఊరికే నమ్మదు. పెళ్లయిన కొత్తలో మా హైస్కూలు కబడ్డీ జట్టు కప్పు గెలిచిందని నేను ఎగురుకుంటూ ఇంటికొచ్చి చెబితే, "పేపర్లో పడిందా?" అని అడిగింది. ఇంకా పడలేదన్నాను. "పడ్డాక చూద్దాం లెండి," అని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఒళ్లు మండిపోయింది నాకు. లైబ్రేరియన్‌ని చేసుకున్నవాడు ఆ మాత్రం సర్దుకుపోవాలని తరవాత తరవాత తెలిసింది.

నేను కొండలరావుని. డ్రిల్లు మాస్టారిని. ఆవిడ పేరు వకుళ. గోదావరి పాయల మధ్య మా లంకలో శాఖా గ్రంథాలయం నడిపేది. ఆ లైబ్రరీ అంటే పొద్దున్నే నలుగురు ముసలివాళ్లు ఒకే పేపరు పేజీలు విడదీసి పంచుకోవడం, మధ్యాహ్నం పిల్లలు ఫ్యాను కింద నిద్రపోవడం. అలాంటి చోటికి ఒకరోజు ఏరు దాటించే పంటు మీద ఒక పెద్ద పెట్టె దిగింది. అందులో తలుపంత స్క్రీను. దాన్ని గవాక్షం అన్నారు. దాని ముందు నిలబడి మామూలు తెలుగులో అడిగితే చాలు, రాష్ట్రంలో ఉన్న ఏ జీవో అయినా, ఏ పథకమైనా, ఏ నిబంధనైనా అసలు కాగితం ఎలా ఉందో అలాగే తెచ్చి చూపిస్తుంది. ఫోన్లో కూడా తెరవొచ్చు. ప్రతి లంకలోనూ, ప్రతి శాఖలోనూ అలాంటిదొకటి పెట్టారు. జనం మాత్రం దాన్ని చూసి తహసీల్దారుని చూసినట్టు పక్కనుంచి తప్పుకుని పోయేవారు. అందుకని లైబ్రేరియన్లకి నేర్పాలి, వాళ్లు జనానికి నేర్పాలి అని పైనుంచి నిధులొచ్చాయి. నేర్పే పని మా ఆవిడకి అప్పజెప్పారు.

ఆవిడకి అంతకంటే ఏం కావాలి! లంకలన్నీ తిరిగింది. పాఠం మొత్తం కలిపి మూడే ముక్కలు. అవి మా ఇంట్లో గోడలకి కూడా వచ్చు. ఎవరు చెప్పినా నమ్మొద్దు, మూలం తెరిచి చూడండి. మూలం తెరిచాక ముందు చివరి వాక్యం చదవండి, సవరణ ఉంటే తేదీతో సహా అక్కడే ఉంటుంది. ఒకళ్లకి చెప్పిన జవాబు పదిమందికీ పనికొస్తుంది కాబట్టి గుమ్మం దగ్గర నల్లబోర్డు మీద రాయండి. ఆ మూడోదంటే ఆవిడకి ప్రాణం. ప్రతి శాఖ గుమ్మంలోనూ "నేటి ప్రభుత్వ సమాచారం" అని తెల్లరంగుతో రాయించిన బోర్డు ఉండాల్సిందే. కింద సుద్దముక్కతో ఆ రోజు జవాబు.

నా సంగతి కూడా చెప్పాలి. సముద్రం పాయల్లోకి ఎక్కి మా బావులన్నీ ఉప్పుబారిపోయాయి. ఆ నీళ్ల వల్లేనని డాక్టర్లు గట్టిగా చెప్పరు గానీ, లంకల్లో చాలామందికి కిడ్నీలు పోతున్నాయి. నావి కూడా పోయాయి. పిల్లల్ని ఎండలో గ్రౌండు చుట్టూ పరిగెత్తించి, ఆగితే ఈల వేసి తిట్టినవాణ్ణి, ఇప్పుడు పంటు రేవు మెట్లెక్కడానికి మధ్యలో కూర్చోవాల్సి వస్తోంది. డయాలసిస్సు కోసం రోజు విడిచి రోజు పంటు దాటి, బస్సెక్కి పట్నం పోవాలి. వచ్చేసరికి ఒంట్లో సగం ప్రాణం దారిలోనే పోతుంది. మర్నాడు కోలుకుంటాను, ఆ మర్నాడు మళ్లీ ప్రయాణం. గాలివాన పడితే పంటు ఆగిపోతుంది. అది ఆగిన వారం నా ఒళ్లు ఉబ్బిపోయి, ఊపిరాడక, వకుళ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి తెల్లార్లూ వీపు నిమిరింది. మళ్లీ అలాంటి వారం వస్తే గట్టెక్కుతానని నాకు నమ్మకం లేదు.

వకుళ శిష్యుల్లో సువార్త అని పక్కలంక, పెదగరువు లైబ్రేరియను. నేనంటే అభిమానం. నాకు ఉప్పు కూడదని విని ఉప్పు లేకుండా కారప్పూస చేసి తెచ్చేది. అది నోట్లో పెట్టుకుంటే సుద్దముక్క నమిలినట్టుండేది. "బావుందాండీ సార్?" అని ఎదురుగా కూర్చుని అడిగేది. బావుందనేవాణ్ణి. ఆ అమ్మాయి వెళ్లాక కాకులకి వేసేవాణ్ణి. కాకులు కూడా మొహమాటానికి ఒకటి తిని ఎగిరిపోయేవి.

మొదట తేడా కనిపెట్టింది సువార్తే. బావులు ఉప్పుబారిన ఊళ్లకి మంచినీళ్ల పడవ పంపాలని ఒక నిబంధన ఉంది. వకుళ క్లాసులో చూపించింది. సువార్త వెళ్లి బోర్డు మీద రాసింది. పెదగరువు జనం కట్టకట్టుకుని వచ్చి, గవాక్షం ముందు నిలబడి చదివించుకుని, అర్జీలు పెట్టుకున్నారు. వారం తిరక్కుండా ఆ నిబంధన చివర కొత్త వాక్యం మొలిచింది. పంటు రేవు ఉన్న గ్రామాలకే ఈ సౌకర్యమని. పెదగరువుకి రేవు లేదు, నాటుపడవే గతి.

తరవాత చౌడుకి చచ్చిపోయిన కొబ్బరితోటల పరిహారం. ఆ తరవాత అవతలి ఒడ్డు కాలేజీకి పోయే ఆడపిల్లలకి ఉచిత పడవ. వకుళ ఏది నేర్పితే అది, నేర్పిన వారంలోనో పక్షంలోనో, చివరి వాక్యం దగ్గర తెగిపోయేది. నేర్పనివి మాత్రం నిక్షేపంగా ఉండేవి.

జనం ఊరుకుంటారా. ఒకరోజు రేవులో ఒకావిడ వకుళ చేతులు పట్టుకుంది. "అమ్మా, నీకు పుణ్యం ఉంటాది. మా వితంతు పింఛను గురించి మాత్రం ఎక్కడా చెప్పకే తల్లీ. ఆ బోర్డెక్కిందంటే అది పోయినట్టే!"

పంటు మీద అందరూ నవ్వారు. వకుళ కూడా నవ్వింది. ఇంటికొచ్చి మొహం కడుక్కుంటానని పెరట్లోకి వెళ్లి ఎంతసేపటికీ రాలేదు.

*

వకుళ తమ్ముడు తారకేశ్వరం రాజధానిలో ఒక విధాన పరిశోధన కేంద్రంలో పెద్ద ఉద్యోగి. అక్కడొక పెద్ద డాక్టరుకి నన్ను చూపిద్దామని పిలిపించాడు. డాక్టరు చూసి, మా పట్నం డాక్టరు చెప్పిందే రెండు రెట్లు మెల్లగా చెప్పాడు. సాయంత్రం తారకం, "రండి బావా, నేనేం చేస్తున్నానో చూద్దురుగాని," అని తన ప్రయోగశాలకి తీసుకెళ్లాడు.

అదేదో రాకెట్టులా ఉంటుందనుకున్నాను. చల్లటి హాలు, గోడ నిండా రాష్ట్రం పటం, దాని మీద మిణుకుమిణుకుమంటూ చుక్కలు. పక్క గోడ మీద ఒక జీవో అక్షరాలు.

"అక్కా, నీ ఫోన్లో ఏదైనా ఒక జీవో తెరువు," అన్నాడు.

వకుళ వలల సబ్సిడీది తెరిచింది. పటం మీద మేమున్న చోట ఒక చుక్క వెలిగింది.

"ఇప్పుడు చూడు. ఇది నకలు మీదే, అసలుకి ఏమీ కాదు." బల్ల మీద వరసగా పేర్చిన ఫోన్లలో అదే జీవోని ఒకదాని తరవాత ఒకటి తెరుచుకుంటూ పోయాడు. చుక్కలు గుత్తిగా వెలిగాయి. గోడ మీది జీవో చివర అక్షరాలు కదిలాయి. ఎవరూ టైపు చెయ్యకుండానే ఒక కొత్త వాక్యం, తడుముకోకుండా, మంచి ప్రభుత్వ తెలుగులో వచ్చి కూర్చుంది. మరపడవ ఉన్న కుటుంబాలకు ఈ ఉత్తర్వు వర్తించదు.

తారకం చిన్నపిల్లాడిలా మా వంక చూశాడు. "దీని పేరు సమతూకం. మేమే చేశాం. ఇదివరకు ప్రభుత్వం ఉన్నది పదిమందికైతే వందమందికి ఇస్తామని రాసేది. జనం తిరిగి తిరిగి చెప్పులరగదీసుకునేవారు. ఇప్పుడా అబద్ధం లేదు. రాసినదానికీ ఉన్నదానికీ తేడా వస్తోందంటే ఇది వెంటనే సర్దేస్తుంది."

"ఉన్నదాన్ని పెంచి సర్దుతుందా, రాసినదాన్ని తగ్గించి సర్దుతుందా?" అంది వకుళ.

"రెండూ చెయ్యొచ్చనే పెట్టాం. పెంచడమంటే చాలామంది ఒప్పుకోవాలి. తగ్గించడం తేలిక. అది అదే నేర్చుకుంది."

"మరి అర్జీలు వచ్చేదాకా ఆగదేం?"

"అప్పటిదాకా ఆగితే ఆలస్యం కదా. చదివినవాళ్లలో ఎంతమంది అడుగుతారో దానికి తెలుసు. మూలం తెరిస్తే చాలు, లెక్కలోకి వస్తుంది. ఒకళ్లిద్దరు తెరిస్తే ఏం కాదు. గుంపుగా తెరిస్తేనే."

"ఎవరూ తెరవకపోతే?"

"అక్కర్లేనిదని తీసేస్తుంది."

వకుళ పటం దగ్గరికి వెళ్లింది. మా లంకలు కింద మూల, సముద్రం పక్కన, ఆవగింజల్లా ఉన్నాయి. అక్కడ మాత్రం చుక్కలు బాగా ఎక్కువ. మిగతా రాష్ట్రం కంటే మా వైపే ఎక్కువ.

"తారకం, మా క్లాసులకి డబ్బులెవరు ఇస్తున్నారురా?"

వాడు బల్ల మీది ఫోన్లు సర్దసాగాడు.

"నిన్నే."

"ఏది ఎంతమంది అడుగుతారో ముందే తెలియాలంటే, జనానికి చెప్పి చూడటం కన్నా మంచి దారి లేదని... అదే సిఫారసు చేసింది అక్కా. గవాక్షాలూ, క్లాసులూ. మంచి పనే కదా అనుకున్నాను. నువ్వు బాగా చెబుతావని నీ పేరు నేనే ఇచ్చాను."

నేను ఈల వేస్తే పిల్లలు పరిగెత్తేవారు. ఎందుకు పరిగెత్తిస్తున్నానో నాకైనా తెలిసేది. మా ఆవిడ ఇన్నేళ్లూ ఎవరి ఈలకి పరిగెత్తిందో ఆ హాల్లో నిలబడితే గానీ తెలియలేదు. ఆవిడ మొహం చూడలేక నేను గోడ మీది జీవోని మళ్లీ మొదటినుంచీ చదివాను.

"ఇది జనానికి చెప్పొచ్చా?" అంది చివరికి.

"దాచిందేమీ లేదు. సమతూకం జీవో కూడా గవాక్షంలోనే ఉంది. మేం తప్ప ఎవరూ తెరవలేదంతే."

*

ఆ రాత్రి భోజనాల దగ్గర తారకం నా కంచం వంక చూస్తూ నెమ్మదిగా చెప్పాడు. ఆరోగ్య శాఖ జీవో ఒకదానికి అనుబంధం ఉంది. వంతెన లేని లంకల్లో ఉండే డయాలసిస్సు రోగులకి ఇంట్లోనే పెట్టుకునే మిషను ఇవ్వాలని అందులో ఒక వాక్యం ఉంది. ఎవరో ఎప్పుడో తెరవడం వల్ల తీసెయ్యకుండా మిగిలింది. మిషన్లు మాత్రం చేతివేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే.

"మీ పట్నం డాక్టరు సంతకం పెట్టించి అర్జీ ఇచ్చెయ్యండి బావా. మూలం మళ్లీ మళ్లీ తెరవకండి. ఎవరితోనూ అనకండి."

"మా లంకల్లో ఇలాంటివాళ్లు ఇంకా ఉన్నారురా," అంది వకుళ.

"చెప్పావంటే బావకీ రాదు, వాళ్లకీ రాదు. నన్నేం చెయ్యమంటావు?"

తిరుగు రైలెక్కాం. ఇల్లు చేరాక, కాఫీ గ్లాసు నా చేతికిస్తూ అంది. "ముందు మీ మిషను రానివ్వండి. వచ్చిన మర్నాడే బోర్డు మీద అంతా రాసేస్తాను. ఆ సమతూకం యంత్రం సంగతీ, దాన్ని పుట్టించినవాళ్ల సంగతీ."

నేను వద్దనలేదు. మిగతావాళ్ల గురించి ఆలోచించలేదని కాదు. మా వీధి చివర సత్తెమ్మ కొడుక్కీ ఇదే జబ్బు. పంటు మీద నా పక్కనే కూర్చుని వస్తాడు. అయినా నాకు బతకాలనుంది. మా ఇంట్లో, మా మంచం మీద, కిటికీలోంచి గ్రౌండు కనిపిస్తుండగా ఆ సూదులు గుచ్చుకోవాలనుంది. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ నాకు కనిపించలేదు.

పట్నం డాక్టరు సెలవులో ఉన్నాడు. సోమవారం వస్తాడన్నారు.

ఈలోగా మా లంకలోనే ఒక క్లాసు పడింది. చుట్టుపక్కల లైబ్రేరియన్లందరూ వచ్చారు. నేను వెనకాల బెంచీ మీద కూర్చున్నాను. పాఠమంతా అయ్యాక సువార్త లేచి నిలబడింది.

"మేడమ్ గారూ, మన సార్ గారు రోజు మార్చి రోజు అలా పడి ఎల్తంటే చూడలేపోతున్నామండీ. ఇంట్లోనే చేసుకునే మిషను ఉంటాదంట కదండీ. దానికేమీ జీవో లేదాండీ?"

వకుళ చేతిలో సుద్దముక్క ఉంది. ఎంత చిన్న ప్రశ్నైనా, చేపల మార్కెట్టులో అడిగినా, ఆగి జవాబు చెప్పే మనిషి.

"చూడాలమ్మా," అంది. బోర్డు వైపు తిరిగి, తుడిచిన బోర్డునే మళ్లీ తుడిచింది.

సువార్త తల ఊపి కూర్చుంది. మేడమ్ గారికి దొరకలేదన్నమాట, అనుకుని ఉంటుంది. మరి అలా అనుకోక ఏం చేస్తుంది? తన గురువు తెలిసి చెప్పకపోవడమనేది ఆ పిల్ల ఊహకి కూడా అందని సంగతి.

*

సోమవారం ఉదయం నేను బనీనుతో గుమ్మంలో కూర్చుని గెడ్డం గీసుకుంటున్నాను. డాక్టరు దగ్గరికి బయల్దేరాలి. వంటింట్లో వకుళ ఫోను టింగుమంది. లైబ్రేరియన్ల గ్రూపు. సువార్త గొంతు ఇల్లంతా వినిపించింది.

"మేడమ్ గారూ, దొరికిందండీ! నిన్నంతా కూర్చుని ఎతికేనండీ. ఆరోగ్య శాఖ జీవో అనుబంధంలో ఉంది. వంతెన లేని లంకలోళ్లకి మిషను ఇంటికే ఇస్తారంట. చివరి వాక్యం కూడా చూసేనండీ, సవరణ ఏం లేదు. ఇప్పుడే బోర్డు మీద రాసేసేను. మన సార్ గారికి ఇంక పంటెక్కే బాధ లేదండీ!"

వకుళ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతిలో ఫోను టింగుటింగుమంటూనే ఉంది. ఒక్కొక్కటీ చదువుతోంది, చదివినప్పుడల్లా ఒక మెట్టు దిగినట్టు మొహం దిగిపోతోంది.

"మూలం తెరిచి చూశాను, నిజమే మేడమ్." ఇది చినలంక లైబ్రేరియను. "నేనూ చూశానండీ. శుభం." ఇది ఇంకొకరు. "మూలం చూశాక మా శాఖలో అందరికీ చూపించాను. బోర్డు మీద కూడా రాశాను." "మా వీధిలో ఇద్దరున్నారు, వాళ్లతో తెరిపించాను మేడమ్."

ఒక్కళ్లు కూడా సువార్త మాట ఊరికే నమ్మలేదు. అందరూ తెరిచి చూశారు. అంత బాగా నేర్పింది మా ఆవిడ.

ఆవిడ "ఎవరూ తెరవకండి" అని టైపు చేసి, పంపకుండా ఆగిపోయింది. పంపితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. ఎందుకు తెరవకూడదోనని మిగిలినవాళ్లు కూడా తెరుస్తారు. తారకానికి ఫోను చేసింది.

"చూస్తున్నానక్కా," అన్నాడు వాడు. "మీ వైపంతా వెలిగిపోతోంది. ఆపించు వాళ్లని."

"నువ్వు ఆపరా. నువ్వు చేసిందే కదా!"

"ఆపాలంటే కారణం రాయాలి. రాయాలంటే ఆ జీవో నేనూ తెరవాలి, నా పైవాడూ తెరవాలి, వాడి పైవాడూ తెరవాలి. అవీ లెక్కలోకే వస్తాయక్కా."

నేను సబ్బునురగ అలాగే ఉంచుకుని చొక్కా తొడుక్కున్నాను. ఇద్దరం పంటు పట్టుకుని, బస్సు పట్టుకుని, ఆసుపత్రికి వెళ్లేసరికి డాక్టరు వచ్చే ఉన్నాడు. పాపం మంచివాడు, వెంటనే సంతకం పెట్టాడు. అక్కడికక్కడే వకుళ అర్జీ పంపింది. జవాబు రావడానికి ఎంతోసేపు పట్టలేదు. అనుబంధం చివర కొత్త వాక్యం వచ్చింది. పంటు సౌకర్యం గల లంకలకు ఇది వర్తించదు.

మా ఊరికి పంటు ఉంది. మంచినీళ్ల పడవ దగ్గర పెదగరువు పోగొట్టుకున్నది పంటు రేవు లేకే. ఇక్కడ మేం పోగొట్టుకున్నది ఆ రేవు ఉండబట్టే. నాకు నవ్వొచ్చింది. ఆసుపత్రి వరండాలో పడీ పడీ నవ్వాను. వకుళ నా చెంప మీద ఎండిపోయిన సబ్బునురగని కొంగుతో తుడిచింది. అప్పుడు ఏడుపొచ్చింది.

ఆ రోజే క్లాసులో అంతా చెప్పేసి ఉంటే సువార్త తెరిచేది కాదు, ఎవరూ తెరిచేవారు కాదు. ఈ మాట మా ఇంట్లో ఇద్దరికీ తెలుసు. ఎవరం పైకి అనలేదు.

*

యంత్రం సంగతి బోర్డు మీద రాస్తానన్న మనిషి రాయలేదు. ఎందుకు రాయలేదో నేను అడగక్కర్లేదు. రాస్తే సువార్తకి తెలిసిపోతుంది. వకుళ క్లాసులకి వెళ్తూనే ఉంది. పాత జీవోలు, ఎవరికీ పనికిరానివి, ఏరి ఏరి చెప్పేది. గుర్రబ్బండి లైసెన్సుల గురించి ఒక పూటంతా చెప్పిందట. లైబ్రేరియన్లు శ్రద్ధగా రాసుకున్నారట.

నాకు మళ్లీ పంటు, మళ్లీ బస్సు. చేతి మీద సూది గుచ్చే చోటు వాచిపోయింది. సత్తెమ్మ కొడుకు ఒకరోజు నా పక్కన లేడు. ఏమైందని రేవులో ఎవరినీ అడగలేదు నేను.

వానలు మొదలయ్యేముందు సువార్త వచ్చింది. చేతిలో కారప్పూస డబ్బా. చెప్పులు విడుస్తూనే ఇల్లంతా వెతికేలా చూసింది.

"మిషను ఎక్కడ పెట్టేరండీ సార్?"

"లోపలి గదిలో ఉందమ్మా," అన్నాను నేను. బడిలో ఇన్‌స్పెక్టర్ల ముందు ఎన్ని అబద్ధాలాడలేదు! "పడుకున్నట్టే ఉంటుంది, పని అదే చేసుకుపోతుంది."

ఆ పిల్ల మొహం వెలిగింది. వకుళ నా వంక చూడకుండా డబ్బా మూత తీస్తోంది.

"అయితే మేడమ్ గారూ, అర్జీ ఎలా పెట్టేరండీ? మా పెదగరువులో ఇద్దరికి డాక్టరు డయాలసిస్సు రాసేడండీ. కొత్తగా. ఆళ్లకి కూడా పెట్టిద్దామని." అంటూనే ఫోను తీసి తెరుస్తోంది.

"తరవాత చూద్దువుగాని, ముందు కాఫీ తాగు," అంది వకుళ.

"ఒక్క నిమిషమండీ. మూలం చూసేద్దాం."

ముందు చివరి వాక్యం చదివింది, నేర్పినట్టే. తేదీ చదివింది. మళ్లీ చదివింది. ఫోను కొంచెం దూరంగా పెట్టి ఇంకోసారి చూసింది. లోపలి గది తలుపు తీసే ఉంది. గదిలో మంచం, దాని కింద నా పాత బూట్లు.

"ఇది నేను బోర్డు మీద రాసిన రోజే కదండీ," అంది.

నేను వకుళ వంక చూశాను. కాదని చెప్పు, అని కళ్లతోనే బతిమాలాను. ఇంకేదో కారణం ఉందని చెప్పు. నీకు మాటలకేం తక్కువ.

"నా వల్లేనాండీ మేడమ్?"

వకుళ ఆ పిల్ల పక్కన కింద కూర్చుంది. యంత్రం సంగతి మొదటినుంచీ చెప్పింది. పటం, చుక్కలు, క్లాసుల డబ్బు, ముందు మా మిషను రానిద్దామని ఆగడం, క్లాసులో చూడాలమ్మా అనడం. తప్పు తనదేనని చెప్పింది. అంతా విని సువార్త, "కానీ తెరిచింది నేనే కదండీ," అంది. మూలం చదివినవాళ్లకి అబద్ధం చెప్పి ఓదార్చడం వకుళకి చేతకాదు.

ఆ పిల్ల ఏడవలేదు. లేచి కారప్పూస డబ్బా మూత పెట్టింది. "సార్, ఇది బావుండదు కదండీ," అంది. నేను అవునన్నాను.

మర్నాడు వకుళ గ్రూపులో సమతూకం జీవో పెట్టింది. దాచడానికి ఇంక కారణం లేదు. రాసినది రాసినట్టు, ఎలా పనిచేస్తుందో, ఎందుకు గుంపుగా తెరవకూడదో అన్నీ వివరంగా రాసింది. చదివి అందరూ నిర్ఘాంతపోయారు. నిజమేనా అని తెలుసుకోవడానికి అందరూ మూలం తెరిచి చూశారు. సాయంత్రానికి ఆ జీవో చివర కూడా ఒక వాక్యం వచ్చింది. ఈ ఉత్తర్వు ప్రజల పరిశీలనకు ఉద్దేశించినది కాదు. ఆ తరవాత తెరిస్తే తెల్లకాగితమే కనిపించింది. తారకం ఉద్యోగం ఏమైందో తెలియదు. ఫోను ఎత్తడం లేదు.

ఇప్పుడు నేను పంటెక్కే రోజుల్లో సువార్త నాటుపడవలో ఇటు వచ్చి నాతో పాటు పట్నం దాకా వస్తోంది. లైబ్రరీ ఎవరు చూస్తారంటే, చూసేదేముందండీ అంటుంది. బోర్డు మీద పైన తెల్లరంగుతో "నేటి ప్రభుత్వ సమాచారం" అని ఉందట. కింద ఏమీ రాయడం లేదట. అయినా పొద్దున్నే నలుగురు వచ్చి బోర్డు ముందు కాసేపు నిలబడి పోతున్నారట.

నిన్న వకుళ కూడా మాతో వచ్చింది. గాలి ఎక్కువగా ఉంది. ఈ రెండ్రోజుల్లో పంటు ఆపేస్తారని దాన్ని నడిపే సరంగు చెప్పాడు. నేను రైలింగు పట్టుకుని కూర్చున్నాను. వాళ్లిద్దరూ నా కాళ్ల దగ్గర కూర్చున్నారు. వకుళ సువార్తని అడిగింది.

"మీ ఊళ్లో ఇద్దరున్నారన్నావు. మీ ఊరికి పంటు లేదు కదా, ఆ వాక్యం మీకు తగలదు కదమ్మా. వాళ్లకి చెప్పావా?"

"అదే అనుకుని ఆళ్ల చేత తెరిపించేనండీ. ఇద్దరే కదా, ఏం కాదని. అప్పటికే ఇంకో వాక్యం వచ్చేసింది, నాటుపడవ ఉన్న ఊళ్లకీ లేదని." సువార్త నీళ్ల వంక చూస్తూ చెప్పింది. "ఏమీ లేదని చెప్పేనండీ. నమ్మలేదు ఆళ్లు. మూలం మళ్లీ తెరిచి కూడా చూపించేను."